బట్టమేక పిట్ట కోసం జైసల్మేర్ వెళ్తే

సామ్ ఇసుక దిబ్బల దగ్గర టెంట్ బుక్ చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మా దగ్గర రాత్రికి 6,500 తీసుకున్నారు, పక్షిని చూపించడానికి జీపుకు ఇంకో 3,500. అర్ధరాత్రి దాకా డీజే మోత. మా ఆయనకు తలనొప్పి, పిల్లాడికి నిద్రలేదు.

పొద్దున్నే గైడు ఓ కుంట దగ్గర జీపు ఆపి, బూడిద రంగు కొంగల గుంపు చూపించి "అదిగో గోడావణ్" అన్నాడు, బట్టమేకకు అక్కడి పేరు. మా అత్తగారిది నందికొట్కూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు రోళ్లపాడు బీళ్లలో ఈ పక్షిని చూసిన మనిషి. "బట్టమేకకు మెడ తెల్లగా ఉంటుంది నాయనా, వీటికి నల్లగా ఉందే" అని తెలుగులోనే నిలదీశారు. నిజమే, అవి చలికాలం వలస వచ్చే కుర్జా కొంగలు. డబ్బు వెనక్కి అడిగితే మేనేజరు మొహం తిప్పుకున్నాడు. అత్తగారు రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్కణ్నుంచి ఎడారి జాతీయ పార్కులో ఈ పక్షులుండే సుదాసరి వైపు ఓ పల్లెలో ఒకరింట్లో దిగాం. భోజనంతో కలిపి మనిషికి 900. పొయ్యి మీంచి తీసిన సజ్జరొట్టెను చిదిమి, దాని మీద గరిటెడు నెయ్యి పోసి, పక్కన కేర్ సాంగ్రీ కూర పెట్టారు. అత్తగారు మారు అడిగి మరీ తిన్నారు. ఆ ఇంటి పెద్దాయనే 2,000కు తన జీపులో తీసుకెళ్లాడు. పార్కు పర్మిట్ ఖర్చు వేరే. దారి దిగి గడ్డిలోకి వెళ్లడానికి మాత్రం ససేమిరా అన్నాడు. ఈ పక్షి నేలమీదే, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది మరి.

ముందు కనిపించింది మెడే, గడ్డిలో తెల్లకర్ర పాతినట్టు. తర్వాత నల్లటి నెత్తి, గోధుమ రంగు వీపు, రొమ్ముకు అడ్డంగా నల్లపట్టీ. మగది, మీటరు ఎత్తుంటుంది. ఆడది చిన్నది; పట్టీ సన్నగా, మధ్యలో తెగి ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. చలికాలంలో వచ్చే హుబారా అనే దీని చుట్టపు పక్షితో పొరబడకండి. అది ఇంకా చిన్నది, మెడకు పక్కల నిలువుగా నల్లచార ఉంటుంది.

ఈ పక్షికి ఎదురుగా చూపు తక్కువ, మగది 15 కిలోల దాకా తూగుతుంది. అందుకే కరెంటు తీగలు దగ్గరికొచ్చాక చటుక్కున పక్కకు తప్పుకోలేక గుద్దుకుంటుంది. రోళ్లపాడును 1988లో దీనికోసమే అభయారణ్యం చేశారు, ఇప్పుడక్కడ కనిపించడమే గగనం. ఆ మాట చెబితే విని అత్తగారు బైనాక్యులర్స్ మళ్లీ అందుకున్నారు, పెద్దాయన ఇంజను ఆపేసి ఆవిడ చాలన్నదాకా కూర్చున్నాడు. బైనాక్యులర్స్ ఇంటి నుంచే తెచ్చుకోండి, మాకు రోజుకు 500 అద్దె పడింది.