తాబేలు పైకొచ్చేదాకా ఆగే గైడ్ దొరికితేనే ప్రైవేట్ ట్రిప్

సముద్రపు తాబేళ్లని చూడ్డానికి గ్రూపుతో వెళ్లాలా, విడిగా గైడ్‌ని మాట్లాడుకోవాలా అని అడిగేవాళ్లకి కొన్నేళ్లుగా నా జవాబు ఒకటే: విడిగానే. ఈతకి కాళ్లకి తొడుక్కునే ఫిన్స్ సరిపోయాయా, పడవలో నీడ ఉందా, ఫొటోలు తీసిస్తారా లాంటివన్నీ గ్రూపు ట్రిప్పుల్లోనూ బాగానే ఉంటాయి, కొన్నిచోట్ల ఇంకా బాగుంటాయి. అక్కడ ఎంత డబ్బు పెట్టినా దొరకనిది ఒకే చోట ఆగే వీలు. విడిగా బుక్ చేసుకునేది దానికోసమే.

తాబేలు చేపలాగా నీళ్లలోనే ఊపిరి పీల్చుకోలేదు, పైకి రావాల్సిందే. మేస్తున్న గ్రీన్ టర్టిల్ రకం తాబేలు అయితే కొద్ది నిమిషాలకోసారి వస్తుంది. అదే రాతి అంచు కింద దూరి పడుకుందంటే గంటలు గడిచినా కదలకపోవచ్చు. మనమేమో పైన తేలుతూ చూసేవాళ్లం. నాలుగైదు మీటర్ల లోతున పడుకున్న తాబేలు పైనుంచి చూస్తే ఇంకో రాయిలాగే ఉంటుంది, డిప్ప మీద నాచు ఉంటే మరీను. గ్రూపులో ఏమవుతుందంటే, గైడ్ చేయి చూపిస్తాడు, అందరూ ఒక్కసారి అటు ఈదుతారు, ఎవరి ఫిన్నో మన మాస్క్‌కి తగులుతుంది, నీళ్లు తుడుచుకుని మళ్లీ తల వంచేలోగా "పదండి, ఇంకో చోటుంది" అంటాడు. అతని తప్పేం లేదు, షెడ్యూల్ అలా ఉంటుంది. ఆ తాబేలు తీరిగ్గా పైకొచ్చేసరికి మనం పడవలో తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంటాం.

మొదటిసారి విడిగా మాట్లాడుకున్న గైడ్ నడివయసు మనిషి. మాట తక్కువ. నాకు ఈత అంతంతమాత్రం అని ముందే చెప్పాను, దానికి ఆయన ఏమీ అనలేదు, తాడు కట్టిన, నీటి మీద తేలే ఒక రింగు నీళ్లలోకి విసిరి, నన్నూ మా ఆవిడనీ చెరోవైపు పట్టుకోమన్నాడు. "కాళ్లు ఆడించకండి. దాని వెనక వెళ్లకండి. అదే వస్తుంది" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. ఎక్కడికీ తీసుకెళ్లలేదు కూడా. పగడపు దిబ్బ అంచున ఒక పెద్ద రాయి దగ్గర రింగుని నిలిపి, చేతులు కట్టుకుని తేలుతూ ఉండిపోయాడు.

కొంతసేపయ్యాక నాకు విసుగొచ్చింది. డబ్బిచ్చి ఒక రాయిని చూస్తున్నామేంటి అనుకున్నాను. అప్పుడు కనిపించింది, రాయి పక్కన రాయి అనుకున్నది మెడ చాచడం. చుట్టూ సర్జన్ ఫిష్‌లు, అరచేయంతవి, దాని డిప్ప మీదా రెక్కల సందుల్లోనూ నాచు కొరుక్కుని తింటున్నాయి. తాబేలు అవి అందుకోవడానికి వీలుగా ముందు రెక్కలు రెండూ పక్కకి చాపి, మెడ ఎత్తి, మంగలి కుర్చీలో కూర్చున్న మనిషిలా కళ్లు సగం మూసుకుని ఉంది. ఇలా చేపలతో శుభ్రం చేయించుకోడానికి తాబేళ్లు వచ్చే చోట్లుంటాయి, వాటిని క్లీనింగ్ స్టేషన్ అంటారు. వచ్చిన తాబేళ్లే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ గైడ్ మమ్మల్ని తీసుకెళ్లింది ఆ చోటుకే. తర్వాత అది లేచి, ఏటవాలుగా ఈదుతూ, మాకు కాస్త ఎడంగా నీటి పైకొచ్చింది. 'ఫుస్' మని ఒక ఊపిరి. మళ్లీ తల ముంచి, మళ్లీ ఎత్తి, ఇంకో ఊపిరి. చెంప మీద గోధుమరంగు పొలుసులూ వాటి మధ్య తెల్లటి గీతలూ, ముక్కు రంధ్రాల మీంచి జారుతున్న నీళ్లూ, అన్నీ చూశాను. తిన్నగా దిగి మళ్లీ అదే రాతి పక్కకి చేరింది. చేపలు కూడా వచ్చేశాయి. మేం అక్కడే ఉండి రెండోసారి కూడా చూశాం, ఎందుకంటే మమ్మల్ని రమ్మనేవాళ్లు లేరు.

ప్రైవేట్ ట్రిప్పుల మీద నా నమ్మకమంతా ఆ పూట పుట్టింది. ఆ తర్వాత వేరే వేరే చోట్ల బుక్ చేసుకుంటూ వచ్చాను, చాలావరకు బాగున్నాయి. ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఆ ఆపరేటర్ ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉంది: తాబేలు కనిపించకపోతే డబ్బు వాపస్. అప్పటికి నాకది మంచి మాటలాగే అనిపించింది. ముందురోజంతా గాలి కొట్టడంతో నీళ్లు పచ్చగా, మబ్బుగా ఉన్నాయి, చేయి చాపితే వేళ్లు కనిపిస్తున్నాయంతే అన్నట్టుంది. వాయిదా వేద్దామా అని అడిగితే "ఏం ఫరవాలేదు, కనిపిస్తుంది" అన్నారు. గైడ్ కుర్రాడు. చేపలా ఈదుతాడు, నవ్వుతూ మాట్లాడతాడు, మనిషిగా తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ దిగినప్పట్నుంచీ చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మేం పట్టుకున్న రింగుతో సహా మమ్మల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాక్కుపోతూనే ఉన్నాడు. అక్కడ రాళ్లు లేవు, సముద్రపు గడ్డి మైదానం. తాబేలు ఎక్కడైనా మేస్తూ ఉండాలి, నిజానికి అలాంటి చోట ఓపిగ్గా తేలుతూ ఉంటే అవే కనిపిస్తాయి.

చివరికొకటి దొరికింది. చిన్నదే, గడ్డి కొరుక్కుంటూ ఉంది, మా వైపు చూడను కూడా చూడలేదు. నేను రింగు పట్టుకుని నిలబడిపోయాను, ఇక ఆగుతాడనుకుని. కుర్రాడు కెమెరా పట్టుకుని నిలువునా దిగాడు. తాబేలు అవతలివైపుకి వెళ్లి, కింద నుంచి దాన్ని మా వైపు తోలడం మొదలుపెట్టాడు. అది మేత ఆపేసింది. ఒకసారి పక్కకి తిరిగింది, అతనూ తిరిగాడు. ఇక రెక్కలు గట్టిగా కొట్టి పోయింది. అతను వెంటపడ్డాడు. రింగు తాడు అతని నడుముకే ఉంది. మేమిద్దరం దాని వెనక ఈడ్చుకుపోయాం. మా ఆవిడ మాస్క్‌లోకి నీళ్లు జొరబడి, మింగి, దగ్గు తెర పట్టుకుంది. చెయ్యెత్తి ఊపాను. గైడ్ నీళ్ల కింద. పడవలో ఉన్నాయన వీపు మా వైపు తిప్పి ఏదో సర్దుకుంటున్నాడు. ఎంతసేపు అంటే చెప్పలేను, అరనిమిషం కూడా అయ్యుండదు, కానీ నాకు సరిగా ఈత రాదన్న సంగతి ఆ అరనిమిషంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

అతను పైకొచ్చి బొటనవేలు చూపించాడు. "చూశారుగా? వీడియో బాగా వచ్చింది." తర్వాత పంపిన ఆ వీడియోలో బురద రంగు నీళ్లు, దూరమవుతున్న ఒక తోక, నా ఫిన్ ఉన్నాయి.

ఫిర్యాదు చేస్తే ఆపరేటర్ చాలా మర్యాదగా బదులిచ్చాడు. తాబేలు కనిపించింది కాబట్టి వాపస్ వర్తించదట. అసలు నేను వాపస్ అడగలేదు. దాన్ని తరిమారు, మా ఆవిడ నీళ్లు మింగుతుంటే చూసేవాళ్లు లేరు అన్నాను. రెండో ఉత్తరానికి జవాబు లేదు. విడ్డూరమేమిటంటే వాళ్ల బుకింగ్ పేజీలోనే, తాబేలుకి మూడు మీటర్ల ఎడంగా ఉండాలని అందమైన బొమ్మతో సహా రాసుంది. హవాయిలో ప్రభుత్వ శాఖ సందర్శకులకి చెప్పే దూరం కూడా అదే, పది అడుగులు. అమెరికాలో ఇలా తరమడం అంతరించిపోతున్న జీవుల కోసం చేసిన 1973 నాటి చట్టం కింద వేధింపే అవుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో, సముద్రపు తాబేళ్లున్నాయి. కాగితం మీద అన్నిచోట్లా బాగానే ఉంటుంది.

కుర్రాడి మీద కోపం తర్వాత తగ్గింది, ఆ గ్యారంటీ మీద మాత్రం తగ్గలేదు. కనిపించకపోతే డబ్బు వెనక్కివ్వాలంటే, ఎవరి జీతంలోంచి కోస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అప్పుడు గైడ్ పని చూపించడం కాదు, చూపించినట్టు రుజువు చెయ్యడం. వీడియో అందుకే. ఇంకో సంగతి, మాస్క్ అద్దంలోంచి నీళ్లలో ఏ వస్తువైనా అసలు దూరంలో ముప్పావు వంతు దూరంలోనే ఉన్నట్టు, పెద్దదిగా కనిపిస్తుంది. మూడు మీటర్ల అవతల ఉన్నది రెండుంబావు మీటర్లలో ఉన్నట్టే. నీళ్లు తేటగా ఉంటే ఆ దూరం నుంచే డిప్ప మీది గీతలు లెక్కపెట్టుకోవచ్చు. దగ్గరికి తోలి తేవాల్సిన పనే లేదు.

అందుకే ఇప్పుడు బుక్ చేసే ముందు ఒకే ప్రశ్న వేస్తున్నాను: "తాబేలు కింద పడుకుని ఉంటే ఏం చేస్తారు?" ఆగుతాం అంటే మిగతా మాటలు మాట్లాడతాను. ఇంకో చోటికి తీసుకెళ్తాం అంటే అది గ్రూపు ట్రిప్పే, మనుషులు తక్కువంతే. ఒకాయన "నేను దిగి లేపుతాను, మీరేం దిగులుపడకండి" అన్నాడు, ఎంతో భరోసాగా. ఫోను పెట్టేశాను. ఆగుతామన్న వాళ్లని కూడా ఇంకో రెండు సంగతులు అడగాల్సొస్తుంది. ప్రైవేట్ అంటే పడవ కూడా మనదేనా, లేక గైడ్ ఒక్కడేనా? పడవ నలుగురితో కలిపి మాట్లాడినదైతే, గైడ్ ఎంత మంచివాడైనా పడవ హారన్ కొట్టగానే ఎక్కాల్సిందే. పడవలో ఒక మనిషి పూర్తిగా మనల్ని చూస్తూ ఉంటాడా అన్నది రెండోది. ఇది మొదట్లో నాకు తట్టలేదు. ఇద్దరికి ఒకే గైడ్ ఉన్నప్పుడు, ఒకరికి ఇబ్బందై అతను వాళ్లని పడవ దాకా తీసుకెళ్తే, రెండో మనిషి సముద్రంలో ఒంటరి. పెద్ద గ్రూపుల్లో సాధారణంగా ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉంటారు కాబట్టి ఈ బెడద తక్కువ. ఆ మాటకొస్తే నేను ఇంతగా పొగిడిన మొదటి గైడ్ కూడా పడవలో ఎవర్నీ ఉంచలేదు. ఆ రోజు గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి, గడిచిపోయింది. ఆయన ఓపికలో సగం వాతావరణానిదేనేమో.

ఆగడానికి ఇంకో ఖర్చుంది, ఎవరూ చెప్పరు. చలి. ఈదేవాళ్లకి ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, కదలకుండా తేలేవాళ్లకి ఉండదు. నీళ్లు గాలి కంటే ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. దిగేటప్పుడు గోరువెచ్చగా ఉన్న సముద్రంలోనే అరగంటయ్యేసరికి నా దవడలు కొట్టుకున్నాయి, ఊపిరి పీల్చుకునే గొట్టం, స్నార్కెల్, పళ్ల మధ్య నిలవలేదు. ఇప్పుడు పల్చటి వెట్‌సూట్, అదే ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత దుస్తులు, లేకుండా దిగను. అది కాస్త తేలుస్తుంది కూడా, నాలాంటివాళ్లకి మంచిదే. వీపుకి ఎండ తగలదు, సన్‌స్క్రీన్ పూసుకోవడం తగ్గుతుంది. పగడాలకి హాని అని కొన్ని రకాల సన్‌స్క్రీన్‌లని హవాయిలో 2021 జనవరి నుంచి అమ్మడమే ఆపేశారు, ఏది పూసుకున్నారని ఎలాగూ గైడ్లు అడుగుతారు. ఇక అలలు ఊగుతున్న రోజు ఒకే చోట బోర్లా తేలడం ఎలా ఉంటుందో కడుపులో తిప్పే రకానికి వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడకి ఏమీ కాదు, నాకవుతుంది. ప్రవాహం ఉన్న చోటైతే ఎంత డబ్బిచ్చినా ఆగడం అనే ప్రశ్నే రాదు.

కళ్లద్దాల వాళ్లకి ఒక్క మాట. పవర్ ఉన్న మాస్క్ గైడ్ల దగ్గర సాధారణంగా ఉండదు. నాది నేనే కొనుక్కుని వెంట తీసుకెళ్తాను. ప్రైవేట్ ట్రిప్ కోసం దానికి పదింతలు పెట్టి, దూరంగా ఆకుపచ్చ మసకని చూసి రావడం దేనికి.

నేను మళ్లీ విడిగానే బుక్ చేస్తాను. ఈత సరిగా రాదు, వెళ్లేది ఇద్దరమే, తొందరపెడితే నాకు ఏదీ కనిపించదు, ఇదంతా నా సంగతి. బాగా ఈదగలిగి, ఒడ్డు నుంచే తాబేళ్లు మేసే చోటుకి వెళ్లేవాళ్లయితే ప్రవాహాలూ దిగే చోటూ తెలుసుకోడానికి మొదటిసారి గైడ్‌ని పెట్టుకుంటే చాలు, తర్వాత తోడుకి ఇంకో ఈతగాడుంటే సరిపోతుంది. కుటుంబం మొత్తం వెళ్తే ఖర్చు పంచుకోవచ్చు నిజమే, కానీ చిన్నపిల్లలు ఒక రాయి మీద తేలుతూ ఉండమంటే ఉండరు. ఈసారి మా బావమరిది వాళ్లూ వస్తున్నారు, చిన్నవాడికి ఎనిమిదేళ్లు, ఎక్కడా కుదురుగా ఉండడు. వాళ్లని గ్రూపు పడవలో పంపి మేం విడిగా వెళ్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని గంటన్నరకి మాట్లాడుతున్నాను, పడవ మనదే, పడవలో ఒక మనిషి. గైడ్‌ని ఆ ప్రశ్న అడిగితే "పిల్లలుంటే మాత్రం ఆగడం కష్టమండీ" అన్నాడు. కనీసం నిజం చెప్పాడని అడ్వాన్స్ పంపాను.