విజయవాడలో స్విచ్‌కి మోడ్‌చిప్ వేయిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు వైపు నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్‌కి మోడ్‌చిప్ (కంపెనీ ఒప్పుకోని సాఫ్ట్‌వేర్ నడిచేలా లోపల సోల్డర్ చేసే చిన్న చిప్) వేయిద్దామనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. మా తమ్ముడి కన్సోల్‌కి పట్టిన గతి ఇంకెవరిదానికీ పట్టకూడదు.

మాది ఓలెడ్ మోడల్, అంటే ఓలెడ్ స్క్రీన్ ఉన్న స్విచ్. మా బాబాయి దుబాయ్ నుంచి వస్తూ తెచ్చారు. తమ్ముడి పదో తరగతి పరీక్షలయ్యేదాకా అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. పరీక్షలైన వారానికే నేను దాన్ని గవర్నర్‌పేటలోని ఒక షాపుకి తీసుకెళ్లాను. చిప్‌కి, పనికి కలిపి 4,500 అన్నారు. రెండు గంటల్లో చేతికిచ్చారు. స్క్రీన్ వెలిగింది, మెనూ వచ్చింది, డబ్బులు కట్టేశాను. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక తేదీ రాసిచ్చారు. నేను చేసిన మొదటి తప్పు అదే.

మూడో రోజు పొద్దున స్లీప్ నుంచి లేపితే నల్ల స్క్రీన్. పవర్ బటన్ చాలాసేపు నొక్కిపెట్టి మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే నాలుగోసారికో ఐదోసారికో వచ్చేది. షాపుకి వెళితే ఎస్‌డీ కార్డు మంచిది కాదన్నారు. కొత్తది కొన్నా అంతే. మళ్లీ వెళితే, "కింద పడేశారా?" అని అడిగారు. నాలుగు రోజులు వాళ్ల దగ్గరే ఉంచుకుని, చివరికి అసలు ఆన్ కాని కన్సోల్ చేతిలో పెట్టి, బోర్డు పోయింది, ఇంకో 3,000 అవుతుందన్నారు. తమ్ముడు షాపులో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సెక్కాక ఏడ్చాడు.

గుంటూరు అరండల్‌పేటలో ఫోన్ బోర్డులు బాగుచేసే ఒకతను ఉన్నాడని తెలిసి అక్కడికి పట్టుకెళ్లాం. వెనక మూత తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, "మీరే చూడండి అన్నా" అన్నాడు. ప్రాసెసర్ చుట్టూ ఫ్లక్స్ (సోల్డరింగ్‌లో వాడే జిగట పదార్థం) మాడిన బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. పక్కనే ఉండాల్సిన కెపాసిటర్లలో ఒకటి లేదు.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఈ చిప్, కన్సోల్ ఆన్ అయ్యే క్షణంలో ప్రాసెసర్‌కి అందే వోల్టేజిని రెప్పపాటు పడగొట్టి కంపెనీ సాఫ్ట్‌వేరేనా అని చూసే తనిఖీని దాటేస్తుంది. ఎప్పుడు పడగొట్టాలో తెలియాలంటే ఈఎంఎంసీ అనే స్టోరేజ్ చిప్ లైన్లకు కూడా కనెక్షన్ ఉండాలి. ఓలెడ్‌లో ఆ ఈఎంఎంసీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. అందులో డీ0 అనే పాయింట్ దాని కిందే ఉంటుంది, బయటికి కనపడదు. అందుకని కాగితం లాంటి పల్చటి స్ట్రిప్‌ని ఈఎంఎంసీ కిందికి దూర్చి, దాన్ని బోర్డుకి అతికించే చిన్న సోల్డర్ బంతుల్లో ఆ పాయింట్ దగ్గరి బంతికి తగిలిస్తారు. మా దాంట్లో స్ట్రిప్ వంకరగా ఉంది. బ్లేడుతో నెట్టినట్టు బోర్డు మీద గీతలు కూడా ఉన్నాయి. మొదట్లో అది తగిలీ తగలనట్టు ఉండబట్టే ఒకసారి ఆన్ అయ్యేది, ఒకసారి కాదు. రెండోసారి ఇంకా లోపలికి నెట్టారు, బంతి ఊడిపోయింది. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెడితే ఆ లైన్ తెగినట్టే చూపించింది.

"బ్యాకప్ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ కన్సోల్‌కి మాత్రమే చెందిన డేటా ఆ ఈఎంఎంసీలోనే ఉంటుందట. అది పోతే, బ్యాకప్ లేకుండా ఇంకో ఈఎంఎంసీ తెచ్చి వేసినా లాభం లేదు. ఈఎంఎంసీని పైకి లేపి, బంతులన్నీ కొత్తగా వేసి, మళ్లీ కూర్చోబెట్టాడు. ఆ రెండు గంటల టెన్షన్ మాటల్లో చెప్పలేను. లోగో వచ్చింది. మోడ్‌చిప్ తీసేయించాం. 3,500 తీసుకున్నాడు, పాడైన స్ట్రిప్ కూడా కవర్లో వేసి ఇచ్చాడు.

వేయించడమే ఖాయమనుకుంటే ముందు మీది ఏ మోడలో చూసుకోండి. 2018 మధ్యలో నింటెండో ప్రాసెసర్‌లోని లోపాన్ని సరిచేయకముందు తయారైన పాత స్విచ్‌లకు చిప్పే అక్కర్లేదు. ఓలెడ్ అయితే డీ0 పాయింట్ ఎలా కలుపుతారో అడగండి, చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. పని అయ్యాక మూత బిగించకముందే లోపలి ఫొటో తీయించుకోండి. ఒక్కసారి ఆన్ అయిందని డబ్బులివ్వకండి. పూర్తిగా ఆపి పదిసార్లు ఆన్ చేయించండి. అరగంట ఆడి, స్లీప్‌లో పెట్టి లేపండి. ఎస్‌డీ కార్డు తీసేసి ఆన్ చేస్తే కార్డు లేదనే చిప్ స్క్రీన్ ప్రతిసారీ రావాలి. రాకపోతే కనెక్షన్ సరిగా లేనట్టే.

ఇప్పటికే చిప్ వేసి ఉన్న సెకండ్ హ్యాండ్ స్విచ్ కొంటుంటే, అమ్మేవాళ్ల ముందే వైఫై పెట్టి ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరవమనండి. 2124-4007 అని ఎర్రర్ వస్తే ఆ కన్సోల్‌ని నింటెండో బ్యాన్ చేసినట్టు. ఇంక దాంట్లో ఆన్‌లైన్ ఆట ఉండదు.

మీ కన్సోల్ ఇప్పుడు ఏదైనా షాపులో ఉందా? చిప్ పనిచేస్తున్నప్పుడే హెకటే అనే టూల్‌తో బూట్0, బూట్1 (కన్సోల్ ఆన్ అవడానికి కావాల్సిన భాగాలు), మొత్తం నాండ్ (స్టోరేజ్) బ్యాకప్ తీయించి, మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఓలెడ్ స్టోరేజ్ 64 జీబీ కాబట్టి 128 జీబీ కార్డు తీసుకెళ్లండి. ఈ రోజే వెళ్లండి.