చిన్నపిల్లలకి ముందు ఎవరి కథ: రోజా పార్క్సా, రూబీ బ్రిడ్జెసా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ డే సెలవు, ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ మంత్ వచ్చాయంటే పిల్లలు స్కూల్ నుంచి ప్రశ్నలు మోసుకొస్తారు, అప్పుడు మొదలవుద్ది ఈ డౌట్. ఇద్దరూ అమెరికాలో నల్లవాళ్ళ సమాన హక్కుల పోరాటంలో పేరున్నవాళ్ళే.

ఖర్చు: రెండిటికీ సున్నా. లైబ్రరీలో ఇద్దరి మీదా బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి.

చెప్పే శ్రమ: రోజా కథకే ఎక్కువ. 1955 డిసెంబర్ 1న మోంట్‌గోమరీలో బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనందుకు ఆమెని అరెస్ట్ చేశారు, అంతవరకు ఓకే, కానీ ఆ తర్వాత నిరసనగా 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కకుండా నడిచి, కార్లు పంచుకుని పనులకెళ్ళారంటే ఐదేళ్ళ పిల్లకి బుర్రకెక్కదు, ఇంట్లో కుర్చీలు వరసగా వేసి బస్సాట ఆడించాల్సిందే. రూబీకి ఇంత అక్కర్లేదు. ఆరేళ్ళ నల్లపిల్ల, 1960లో న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవాళ్ళ స్కూల్‌కి కాపలాగా వచ్చిన మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) మధ్య నడుచుకుంటూ వెళ్ళింది, ఏడాదంతా క్లాసులో తనూ టీచర్ బార్బరా హెన్రీ ఇద్దరే. "మరి ఎవరితో ఆడుకునేది?" అని పిల్లలే అడుగుతారు, ఇక మీరు లాగక్కర్లేదు.

రిస్క్: రోజాని అలిసిపోయిన ముసలావిడ చేసేస్తాం. అసలు ఆమెకి అప్పుడు 42 ఏళ్ళే, నల్లవాళ్ళ హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకి సెక్రటరీ కూడా. రూబీతో గొడవేంటంటే భయం, స్కూల్ బయట గుంపు అరుపులు, శవపేటికలో పెట్టిన నల్లబొమ్మ... ఆ బొమ్మ సంగతి చిన్నోళ్ళకి నేనైతే చెప్పను.

ఇప్పుడే స్కూల్లో చేరిన పిల్లలకి రూబీ. ఏడెనిమిదేళ్ళొచ్చి ప్రతి రూల్‌కీ "ఎందుకు" అని వాదించే రకమైతే రోజా, బాయ్‌కాట్‌తో సహా. స్కూలంటేనే ఏడ్చే పిల్లకి మాత్రం రూబీని కొన్నాళ్ళు ఆపండి.