900 పోస్తే 680 వచ్చింది: నా పాత బండి ఆయిల్ తరుగు లెక్క

నా 125 సీసీ బండి 2016లో కొన్నాను. మంగళగిరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకి రానూపోనూ రోజూ 45 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. మీటరు లక్షా పది వేలు దాటింది. యార్డులో నాది గుమాస్తా పని. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, తరుగు, నిలవ, రోజంతా ఇవే మాటలు. అందుకేనేమో, ఒకసారి ఆయిల్ మార్చేటప్పుడు ట్రేలో పడింది తక్కువగా కనిపిస్తే ఊరుకోలేకపోయాను. అంతకుముందు పోసింది 900 ఎం.ఎల్. డబ్బా మొత్తం. అందులో పావు వంతు ఏమైనట్టు?

మొదట అనుమానం మెకానిక్ మీదికే పోయింది. పోయినసారి డబ్బా పూర్తిగా వంచాడా లేదా అని. ఆయన పెద్దాయన, నేను బాబాయ్ అంటాను. అడిగితే నవ్వేసి, "లోపల ఉండిపోద్ది బాబూ, మొత్తం దిగదు" అన్నాడు. నిజమే. గేర్ల మీద, క్లచ్ ప్లేట్ల మధ్య, సన్నని దారుల్లో కొంత అంటుకుని ఉంటుంది. నా బండి మాన్యువల్లో కూడా రెండు అంకెలు ఉన్నాయి: కింది డ్రెయిన్ బోల్ట్ విప్పి మారిస్తే 0.9 లీటరు, ఇంజిన్ మొత్తం విప్పి బిగిస్తే 1.1. ఆ 200 ఎం.ఎల్. తేడాయే లోపల ఉండిపోయేది.

ఈ జవాబుతో రెండేళ్లు సరిపెట్టుకున్నాను. ఒకరోజు నిలవ పుస్తకం రాస్తుంటే తట్టింది. ఈసారి 200 ఉండిపోతే, పోయినసారి కూడా 200 ఉండిపోయింది కదా! ప్రారంభ నిలవ, ముగింపు నిలవ ఒకటే అయినప్పుడు లోపలికి వెళ్లినంతా బయటికి రావాలి. కొత్తగా కట్టిన పొడి ఇంజిన్‌కి అయితే ఆ జవాబు సరే, ఏళ్ల తరబడి తిరిగిన బండికి కాదు.

రుజువు చూద్దామని ఒక ఆదివారం బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఆయిల్ దింపి, అరగంట కారనిచ్చి, కొత్తది 900 పోశాను. మూడు కిలోమీటర్లు తిప్పి, మళ్లీ అలాగే దింపాను. చల్లారాక కొలిస్తే 890. ఆ పది జగ్గుకి, ట్రేకి అంటుకున్నది. (శుభ్రమైన ట్రే కాబట్టి వడగట్టి మళ్లీ అదే పోసేశాను. ఇంట్లో ఆ రోజు పడిన చీవాట్లు వేరే సంగతి.)

చల్లారాక అని ఎందుకన్నానంటే, అంతకుముందు ఒకసారి సాయంత్రం వేడి మీద దింపిన పాత ఆయిల్ జగ్గులో 700 చూపించింది. పొద్దున లేచి చూస్తే 680. ఎవరూ తీయలేదు, చల్లబడి కుంచించుకుంది. ఆయిల్ 50 డిగ్రీలు చల్లారితే నూటికి మూడున్నర వంతు దాకా తగ్గుతుంది. దింపే తీరు మారినా లెక్క తప్పుతుంది. సైడ్ స్టాండ్ మీద వంచి, చల్లటి ఇంజిన్ నుంచి ఐదు నిమిషాల్లో బోల్ట్ బిగించేస్తే అప్పుడు మాత్రం నిజంగానే లోపల ఎక్కువ మిగులుతుంది. కార్లలో ఇంకో తిరకాసు: పాత ఫిల్టర్ తనలోని ఆయిల్‌ని తనతోనే తీసుకుపోతుంది, అది ట్రేలో పడదు. నా బండికి జాలీ తప్ప ఆ ఫిల్టర్ లేదు.

అంటే ఒక ఆయిల్ మార్పు నుంచి ఇంకో మార్పు దాకా, 3000 కిలోమీటర్లకు, 220 ఎం.ఎల్. బండే తాగుతోంది. రాత్రంతా కింద అట్ట పరిచాను, ఒక్క చుక్క పడలేదు. పొద్దున స్టార్ట్ చేయగానే మాత్రం సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోయేది. నడుస్తున్నంతసేపూ, యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానపడాలి. ఇలా పొద్దున మాత్రమే వస్తే వాల్వ్ సీళ్లు, అంటే వాల్వుల దగ్గర ఆయిల్‌ని ఆపే చిన్న రబ్బరు ముక్కలు. రాత్రి పూట ఆయిల్ వాటి పక్క నుంచి సిలిండర్‌లోకి కారి, పొద్దున కాలిపోతుంది. 95 వేల దగ్గర బాబాయ్ చేతే సీళ్లు మార్పించాను. వాటి ఖరీదు కంటే హెడ్డు విప్పిన కూలి ఎక్కువ. ఆ తర్వాతి డ్రెయిన్‌లో 810 వచ్చింది.

మధ్యలో ఎవరో చెబితే 10డబ్ల్యూ-30 (ఇది ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె) మానేసి ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోశాను. తరుగు 30 దాకా తగ్గింది గానీ కిక్కు బరువెక్కింది, మైలేజీ లీటరుకి రెండు కిలోమీటర్లు పడిపోయింది. మళ్లీ పాతదానికే వచ్చాను. హైవే మీద 80లో కొట్టిన నెలల్లో తరుగు ఎక్కువ, 55లో వెళ్తే తక్కువ. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే గొట్టం) వైపు జిడ్డు చూస్తే అది తెలిసిపోతుంది.

పోసినంతా తిరిగొచ్చినా సంబరపడకండి. 2020 లాక్‌డౌన్‌లో కూరగాయలకి తప్ప బండి తీయలేదు. అప్పుడు 900కి దగ్గరగా వచ్చింది. భలే అనుకుని ఆయిల్ పోసే మూత దగ్గర వాసన చూస్తే పెట్రోలు గుప్పుమంది. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తుంటే పెట్రోలు ఆయిల్‌లో కలిసి తరుగును కప్పేసింది.

ఇప్పుడు నెలకోసారి బండిని నిలువుగా పెట్టి, ఇంజిన్ మూడు నిమిషాలు నడిపి, ఆపి, రెండు నిమిషాలు ఆగి కొలత పుల్ల చూస్తున్నాను. నా బండికి పుల్లని మర తిప్పకుండా ఊరికే ఆనించాలి. మీ బండికి ఎలాగో మాన్యువల్లో చూసుకోండి. కింది గీతకి దిగితే 50 పోస్తాను, పోసింది రాసుకుంటాను. పోయినసారి లెక్క: పోసింది 900, మధ్యలో 50, వచ్చింది 840. రింగులు ఇంకా మార్చలేదు.