ఏఎస్ఈతో ఐదేళ్లు: సిలికాన్ ఉపరితలం వెతుకులాటలో నా అనుభవం

విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఐదేళ్లుగా ఇంట్లో ఎనిమిది కోర్ల కంప్యూటర్ మీద ఏఎస్ఈ (అటామిక్ సిమ్యులేషన్ ఎన్విరాన్‌మెంట్) అనే, పరమాణువుల అమరికలను లెక్కించే ఉచిత పైథాన్ లైబ్రరీతో సిలికాన్ ఉపరితలాల అమరికలు వెతుకుతున్నాను. డెన్మార్క్‌లో పుట్టిన లైబ్రరీ ఇది. ఇందులోని బేసిన్ హాపింగ్, జన్యు అల్గారిథం అనే రెండు వెతుకులాట పద్ధతులు నాకు బాగా అక్కరకు వచ్చాయి.

స్ఫటికాన్ని కోస్తే పై పొర పరమాణువులకు ఒకవైపు తోడు పోతుంది. తెగిన బంధాలను తగ్గించుకోవడానికి అవి చోటు మారి కొత్తగా జతకడతాయి. ఎలా జతకడతాయన్నది ఊహకు అందదు. సిలికాన్ (111) ముఖం (స్ఫటికాన్ని ఏ దిశలో కోశామో చెప్పే అంకెలివి) మీది 7×7 నమూనా, అంటే మామూలు అమరిక కంటే రెండు దిశల్లోనూ ఏడు రెట్ల దూరానికి పునరావృతమయ్యే నమూనా, ఎలక్ట్రాన్ పుంజం చెదిరే తీరును చూసే వివర్తన ప్రయోగంలో 1959లోనే కనిపించింది. 1983లో బిన్నిగ్, రోరర్‌ల స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ దాన్ని బొమ్మగా చూపింది. అయినా 1985లో తకయనగి బృందం చెప్పేదాకా అసలు అమరిక తేలలేదు. 49 తెగిన బంధాలు 19కి తగ్గే అమరిక అది.

శక్తి అతి తక్కువగా ఉండే అమరిక కోసమే ఈ వెతుకులాట. మామూలు శక్తి లెక్క తక్కువ శక్తి ఉన్న పల్లం వైపే నడుస్తుంది, మొదటి గుంటలోనే ఆగిపోతుంది. మా విద్యార్థులకు దీన్ని అరకుతో చెబుతాను. అరకు లోయే, కానీ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కళ్లకు గంతలతో పల్లం వెతికేవాడు అదే అడుగు అనుకుని కూర్చుంటాడు, విశాఖ తీరం ఉందనే తెలియదు. బేసిన్ హాపింగ్ పరమాణువులను కుదిపి, ఆ గుంట నుంచి లేపి మళ్లీ దింపుతుంది.

ఆ కుదుపు దగ్గరే నాకు నెల రోజులు పోయాయి. లైబ్రరీలో ముందుగా ఉండే విలువ 0.1 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్). సిలికాన్ బంధం పొడవు 2.35 ఆంగ్‌స్ట్రామ్‌లు, అందులో 0.1 ఏ మూలకు? రోజూ అదే గుంటకు చేరేది. 0.4కు పెంచాక కొత్త అమరికలు రావడం మొదలైంది.

జన్యు అల్గారిథం రెండు మంచి అమరికలను కోసి, ఒకదాని సగానికి మరొకదాని సగం అతికిస్తుంది. ప్రతి అమరికనూ డేటాబేస్ ఫైలులో దాచుకుంటుంది. ఒక మే నెల రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారి తెరిస్తే, అప్పటికి కుదురుకున్న 212 అమరికలూ భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్క గుణానికే దీన్ని వదలను.

అన్నిటికంటే పెద్ద పాఠం (001) ముఖం నేర్పింది. టెర్సాఫ్ పొటెన్షియల్‌తో (పరమాణువుల మధ్య దూరాలు, కోణాల నుంచే శక్తిని చెప్పే సూత్రం ఇది) వెతికితే పై పొర పరమాణువులు రెండేసి చొప్పున జతలు కట్టాయి. ఎంత సంతోషించానో! భీమిలి నుంచి వచ్చే విద్యార్థిని తెర మీద ఆ జతను తిప్పి చూసి, "సార్, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయన్నారు కదా, ఇవి సమానంగా ఉన్నాయేమిటి?" అంది. నిజమే. ఆ జత వంగి ఉంటుందని భౌతికశాస్త్రవేత్త చాడీ 1979లోనే లెక్కగట్టి చూపాడు. కింది పరమాణువు నుంచి పైదానికి ఎలక్ట్రాన్ ఆవేశం మళ్లడం వల్ల వచ్చే వంపు అది. టెర్సాఫ్‌లో ఎలక్ట్రాన్లే లేవు. అల్గారిథం తప్పు చేయలేదు, నేనిచ్చిన పటంలో లోతైన చోటు అదే.

అప్పటి నుంచి టెర్సాఫ్‌ను జల్లెడగానే వాడుతున్నాను. అందులో మిగిలిన ఇరవై అమరికలను ఎలక్ట్రాన్లనూ పరిగణించే డెన్సిటీ ఫంక్షనల్ లెక్కకు ఇస్తాను. సెకన్ల పని గంటలవుతుంది, తప్పదు. ఇచ్చే ముందు ప్రతి జతలో ఒక పరమాణువును 0.2 ఆంగ్‌స్ట్రామ్ పైకి లేపుతాను. లేకపోతే రెండువైపులా బలాలు సమానమై జత వంగనే వంగదు.

ఇంకొకటి, కణం (ఉపరితలం మీద పునరావృతమయ్యే గడి, యూనిట్ సెల్) పరిమాణం మనమే ఎంచుకోవాలి. 2×1 కణంలో ఎంత వెతికినా 7×7 దొరకదు. వివర్తన ప్రయోగం చెప్పిన పరిమాణాన్ని చూడకుండా మొదలుపెట్టవద్దు. వేర్వేరు యాదృచ్ఛిక ఆరంభాలతో కనీసం మూడుసార్లు నడపకుండా ఏ ఫలితాన్నీ నమ్మవద్దు.

ఇప్పుడు (001) మీద 4×2 కణంతో నాలుగోసారి వెతుకుతున్నాను. గత మూడుసార్లూ పక్కపక్క జతలు ఒకదానికొకటి ఎదురుగా వంగిన అమరికకే చేరింది.