43 అంగుళాల బడ్జెట్ స్మార్ట్ టీవీ: బొమ్మ బాగుంది, పేచీ అంతా వైఫై దగ్గరే

బొమ్మకీ సౌండుకీ వంక పెట్టలేం. కానీ ఈ మోడల్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు వైఫై మాత్రమే పట్టుకుంటుంది, 5 గిగాహెర్ట్జ్ బ్యాండు పట్టుకోదు, ఆ సంగతి పెట్టె మీద లేదు. అది రాయకపోవడం అన్యాయం. రూటర్లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టుకుంటే అది టీవీ లిస్టులో కనబడదు. టీవీ పాడైందని కంగారు పడకండి.

కలపడం తేలికే: సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైఫై, పాస్‌వర్డ్. ‘కనెక్టెడ్’ అని చూపించినా యాప్‌లు తెరుచుకోకపోతే ముందు టీవీలో తేదీ, టైము చూడండి. అవి తప్పుగా ఉంటే సర్వర్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లను టీవీ ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తీసుకోకపోతే రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్ డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి, పాత రకం డబ్ల్యూపీఏ2కి మార్చండి.

విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్ట్‌మెంట్లలో ఇంటికో రూటర్. అందరూ అదే 2.4లో ఉంటే రాత్రిపూట వీడియో ఆగి ఆగి వస్తుంది. రూటర్లో వైఫై ఛానల్‌ని ఆటోలో వదలకుండా 1, 6, 11లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి.

అన్నిటికన్నా మేలు రూటర్ నుంచి టీవీకి క్యాట్6 నెట్‌వర్క్ వైరు. టీవీ వెనక పోర్టు వేగం 100 ఎంబీపీఎస్సే, అయినా 4కే సినిమాకి 25 ఎంబీపీఎస్ చాలు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉప్పుగాలికి ఈ వైరు ప్లగ్గు పిన్నులు చిలుం పడతాయి. లింకు పోతూ వస్తూ ఉంటే ఆ చివర కత్తిరించి కొత్త ఆర్‌జే45 ప్లగ్గు వేయించండి.

వైరు లాగే వీలుంటే ఈ టీవీ తీసుకోవచ్చు. లేకపోతే 2.4, 5 రెండూ పట్టుకునే డ్యూయల్ బ్యాండ్ మోడలే అడగండి.