ఏడాది వాడిన స్పెక్ట్రోఫ్లోరిమీటర్: నల్లగొండ నుంచి ఒక సమీక్ష

మా ఫార్మసీ కళాశాల నల్లగొండ పట్టణానికి కొద్ది దూరంలో ఉంది. మాత్రల్లోనూ రక్తపు ప్లాస్మాలోనూ మందు ఎంత ఉందో కొలవడానికి నిరుడు జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్ స్పెక్ట్రోఫ్లోరిమీటర్ కొన్నాం. కాంతి పడినప్పుడు కొన్ని పదార్థాలు తిరిగి వెలువరించే వెలుగును, అంటే ఫ్లోరొసెన్స్‌ను, కొలిచే పరికరం ఇది. కొనే ముందు నేను వెతికినప్పుడు కేటలాగుల మాటలు తప్ప, వాడినవాళ్ల అనుభవం తెలుగులో ఎక్కడా దొరకలేదు. మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లోని కళాశాలల ఉపాధ్యాయులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఫ్లోరొసెన్స్ అనగానే మా జిల్లాలో ముందుగా గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. పరికరం వచ్చిన రోజే మా కార్యాలయ ఉద్యోగి ఒకరు తమ ఊరి బోరు నీళ్లు పరీక్షిస్తారా అని అడిగారు. ఫ్లోరైడ్ కొలతకు వేరే ఎలక్ట్రోడ్ కావాలని ఆయనకు వివరించాల్సి వచ్చింది. అయితే రెండు మాటలకూ మూలం ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజమే. 1852లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ ఈ వెలుగుకు దాని మీదుగానే పేరు పెట్టారు. కొన్ని అణువులు ఒక తరంగదైర్ఘ్యంలో కాంతిని పీల్చుకొని, అంతకంటే పొడవైన తరంగదైర్ఘ్యంలో తిరిగి వెలువరిస్తాయి. ఈ పరికరం ఆ రెండో వెలుగును మూలకాంతికి లంబంగా నిలబడి చూస్తుంది. చీకటి వెనుకతలంగా ఉన్నచోట చిన్న దీపం కూడా కనబడినట్టు, యూవీ పరికరం (మందు ఎంత అతినీలలోహిత కాంతిని పీల్చుకుందో కొలిచేది) మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో చూసే మందును ఇది నానోగ్రాముల్లో పట్టుకుంటుంది.

డీలరు ఈ సున్నితత్వాన్నే పదే పదే చెప్పి అమ్మారు. చెప్పింది అబద్ధం కాదు. కానీ అంత సున్నితమైన కన్ను మందుతో పాటు మన గాజుసామానులోని మురికినీ చూస్తుందని మాత్రం చెప్పలేదు. పరికరాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజనీరు క్యూవెట్‌లో, అంటే శాంపిల్ పోసే చిన్న పారదర్శక గొట్టంలో, మా డిస్టిల్డ్ వాటర్ పోసి, 350 నానోమీటర్ల కాంతిని పంపారు. నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల సహజంగా వచ్చే రామన్ శిఖరం 397 దగ్గర సన్నగా, నిటారుగా లేచింది. అక్కడితో గీత కిందికి దిగిపోవాలి. మాకు మాత్రం ఆ తర్వాత ఇంకో వెడల్పాటి గుట్ట కనిపించింది. ఆ నీళ్లు వారం రోజులుగా ప్లాస్టిక్ క్యానులో నిల్వ ఉన్నవి. గాజు పాత్రలో అప్పటికప్పుడు రెండుసార్లు డిస్టిల్ చేసిన నీటితో మళ్లీ చూస్తే గుట్ట దాదాపు మాయమైంది. బ్లాంక్ (మందు కలపని ద్రావణం) చూడకుండా శాంపిల్ పెట్టకూడదన్న నియమం మా ల్యాబ్‌లో ఆ రోజు మొదలైంది.

విద్యార్థులకు మొదట చూపించేది క్వినైన్ సల్ఫేట్. 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, 350 దగ్గర ఉత్తేజపరిస్తే 450 దగ్గర నీలి వెలుగు వస్తుంది. చీకటిగదిలో యూవీ దీపం కింద పెడితే కంటికే కనిపిస్తుంది. ఒకసారి ఒక అమ్మాయి పొరపాటున హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి తెచ్చింది. అంతే గాఢత ఉన్నా పరికరంలో సంకేతం బాగా పడిపోయింది. క్లోరైడ్ అయాన్లు ఆ వెలుగును ఆర్పేస్తాయి. పుస్తకంలో ‘క్వెంచింగ్’ అని ఎన్నిసార్లు చదివినా రాని అవగాహన ఆ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి చూసిన తరగతికంతటికీ వచ్చింది.

మాత్రల పరీక్షకు మాత్రం ఈ పరికరం అవసరం లేదని నా అభిప్రాయం. 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను వంద మిల్లీలీటర్లలో కరిగించి, అందులో ఒక మిల్లీలీటరును వందకు, దానిలో మళ్లీ ఒకటిని వందకు పలచబరిస్తే తప్ప మిల్లీలీటరుకు 500 నానోగ్రాముల స్థాయికి రాము. ప్రతి పైపెట్ తప్పూ ఆ మెట్లు దిగుతూ పేరుకుంటుంది. గాఢత ఎక్కువైతే ద్రావణమే కాంతిని మింగేసి గాఢతకూ వెలుగుకూ ఉన్న సంబంధాన్ని చూపే కాలిబ్రేషన్ గీత వంగిపోతుంది. ఆ పని యూవీ పరికరం హాయిగా చేస్తుంది.

దీని విలువ తెలిసేది ప్లాస్మా దగ్గర. 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర వేసుకున్నవారి ప్లాస్మాలో గరిష్ఠంగా మిల్లీలీటరుకు సుమారు 2.4 మైక్రోగ్రాములే ఉంటుంది. మేము మందు కలిపిన ప్లాస్మాకు అసిటోనైట్రైల్ అనే ద్రావణి చేర్చి ప్రోటీన్లను గడ్డకట్టించి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేటగా నిలిచిన భాగాన్ని ఆమ్లంతో పలచబరిచి కొలుస్తున్నాం. 280 దగ్గర ఉత్తేజపరిస్తే ప్లాస్మాలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా వెలుగుతుంది, కానీ దాని వెలుగు 340 చుట్టూ ఉంటుంది. సిప్రోఫ్లోక్సాసిన్‌ది 450 దగ్గర కాబట్టి రెండూ కలగాపులగం కావు. అయినా ఈ పద్ధతితో రోగి నమూనాకు నేరుగా ఫలితం ఇవ్వడానికి నేను ఒప్పుకోను. శరీరంలో మందు మారి ఏర్పడిన పదార్థాలు కూడా అదే చోట వెలగవచ్చు. వాటిని వేరు చేయాలంటే ముందు హెచ్‌పీఎల్‌సీ కాలమ్ (ద్రవంలోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసే గొట్టం) ఉండాలి, ఫ్లోరొసెన్స్ డిటెక్టరు దాని తర్వాత రావాలి.

డీలరు సేవ గురించి నాకు గట్టి ఫిర్యాదే ఉంది. పరికరంతో పాటు ఇచ్చిన క్వార్ట్జ్ క్యూవెట్లలో రెండు పక్కలు మసకగా ఉన్నాయి. అవి యూవీకి సరిపోతాయి. ఇక్కడ కాంతి ఒక పక్కన వెళ్లి, లంబంగా ఉన్న ఇంకో పక్కన బయటికి రావాలి కాబట్టి నాలుగు పక్కలూ తేటగా ఉండాలి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ పరికరం గుడ్డ కప్పుకొని కూర్చుంది. కొనేవాళ్లు డబ్బు కట్టే ముందే క్యూవెట్లను వెలుతురులో తిప్పి చూసుకోవాలి; పరికరానికి కాంతినిచ్చే జెనాన్ దీపం ఎన్ని గంటలు వెలిగిందో కాగితం మీద రాయించుకోవాలి.

మా ఎండలకు ఏసీ తప్పనిసరి, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ ఈ వెలుగు తగ్గుతుంది. కరెంటు పోతే దీపం ఆరిపోతుంది కాబట్టి యూపీఎస్ కూడా కావాలి. ముందు దీపం వెలిగించి, ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేయమని గోడకు కాగితం అంటించాం. ఆ పక్కనే ఉన్న రిజిస్టరులో దీపం వెలిగిన ప్రతి గంటనూ విద్యార్థులే రాస్తున్నారు. నిన్న సాయంత్రానికి 212 గంటలు.